పాత డీజిల్ పికప్ కొంటున్నారా? ఆర్సీలో పేరు ఎవరిదో ముందు చూడండి

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను రైతుల దగ్గర కూరగాయలు కొని మార్కెట్‌కు తోలుతుంటాను. ఇన్నాళ్లూ బాడుగ బండితోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు 2013 మోడల్ డీజిల్ పికప్ ఒకటి బేరానికి వచ్చింది. ఇంజిన్ బాగుందని మా మెకానిక్ చెప్పాడు. అయితే అమ్ముతున్న ఆయన పేరు ఆర్సీలో లేదు. మూడేళ్ల కిందట ఇంకొకరి దగ్గర కొన్నారట. సేల్ లెటర్, సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు ఇస్తానంటున్నారు. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు కూడా ఉంది. అప్పు ఎప్పుడో తీరిపోయిందని ఆయన మాట. కొత్త బండికి ఈఎంఐలు కట్టే స్తోమత నాకు లేదు. డీజిల్ బండ్లను పదేళ్లకే ఆపేస్తారని కూడా విన్నాను. కొనమంటారా, వద్దంటారా?

జవాబు: పాత పికప్ కొనుక్కోవచ్చు. కానీ మీరు రాసిన కాగితాలతో మాత్రం ఈ బండి కొనకండి. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు పదేళ్ల టెన్షన్ వదిలేయండి. ఆ నిబంధన ఢిల్లీకి, దాన్ని ఆనుకుని ఉన్న రాజధాని ప్రాంతానికి సంబంధించినది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. ఆ కేసులో తర్వాత కూడా ఉత్తర్వులు మారుతూ వచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో తిరిగే బండికి అది వర్తించదు. ఇక్కడ మీ బండిని రోడ్డు మీద నిలబెట్టేది ఫిట్‌నెస్ సర్టిఫికెట్. సరుకు రవాణా బండికి 8 ఏళ్ల వయసు దాటాక దాన్ని ఏటా చేయించాలి. ఫిట్‌నెస్ లేని రవాణా వాహనానికి చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ ఉన్నట్టే కాదని మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ చెబుతోంది. బండి వయసు పెరిగేకొద్దీ ఫిట్‌నెస్ ఫీజు బాగా పెరుగుతుంది, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ కూడా ఉంటుంది. బేరమాడేటప్పుడు ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోండి.

మీరు కొత్త బండి వద్దనుకోవడంలో అర్థముంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 (కొత్త పొగ ప్రమాణాల) డీజిల్ బండ్లలో పొగను వడకట్టే ఫిల్టర్లు, సెన్సార్లు ఎక్కువ. దగ్గర దగ్గర ట్రిప్పులు తిరిగే బండిలో ఆ ఫిల్టర్ మసి పట్టి మొరాయిస్తుంది, బాగు చేయించాలంటే ఖర్చు. 2013 నాటి ఇంజిన్‌లో ఆ బెడద ఉండదు, ఊళ్లో మెకానిక్ చేతికి లొంగుతుంది. అయితే అదే ఇంజిన్ నల్లపొగ కక్కితే పొల్యూషన్ సర్టిఫికెట్ రాదు. పొగ ప్రమాణాలు తప్పితే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మీ మెకానిక్ ఇంజిన్ చప్పుడు విని సరేనని ఉండవచ్చు. పొగ పరీక్ష కూడా మీ కళ్ల ముందే చేయించండి.

ఇక అసలు విషయం. చట్టం దృష్టిలో బండి ఓనరు అంటే ఆర్సీలో పేరున్న మనిషి. అప్పు మీద ఉన్న బండికి మాత్రం, ఆ ఒప్పందం ప్రకారం ఎవరి స్వాధీనంలో ఉంటే వారిని ఓనరుగా చూస్తారు. సేల్ లెటర్ మీకూ అమ్మినాయనకూ మధ్య సాక్ష్యంగా పనికొస్తుంది, అంతవరకే. చేతులు మారుతూ వెళ్లిన ఒక కారు ప్రమాదం చేసిన కేసులో సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. ఆర్సీలో పేరున్నాయన తాను కారును ఎప్పుడో అమ్మేశానన్నా, నష్టపరిహారం బాధ్యత ఆయనదేనని తేల్చింది. అది విని, మన పేరు లేకపోవడమే మంచిదిలే అనుకునేవారు ఉన్నారు. దయచేసి అలా అనుకోకండి. ఆర్సీ ఓనరు రేపు అడ్డం తిరిగితే, బండి మీదేనని నిరూపించుకోవడానికి మీరు కోర్టుల చుట్టూ తిరగాలి. ఆయన చనిపోయి ఉంటే వారసుల పేరుకు మార్పించాకే మీ పేరుకు వస్తుంది. ఆ వారసుల్లో ఒకరు సంతకం పెట్టనన్నా పని ఆగిపోతుంది.

ఖాళీ ఫారాల సంగతి కూడా ఇంతే. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని 50వ సెక్షన్. మీ విషయంలో ఆ గడువు మూడేళ్ల కిందటే దాటిపోయింది. ఎప్పుడో పెట్టిన సంతకం మీద ఇప్పటి తేదీ వేస్తే, ఆ సంతకం తనది కాదని ఓనరు అన్న రోజున తప్పుడు పత్రం సృష్టించారన్న ఆరోపణ మీ మీదికి వస్తుంది. పైగా ఇప్పుడు ఆన్‌లైన్ సేవల్లో ఓటీపీ ఓనరు ఫోన్‌కే వెళ్తుంది. ఆయన దొరక్కపోతే ఆ సంతకాల కాగితాలు మీ బీరువాలోనే ఉండిపోతాయి.

ఫైనాన్స్ కంపెనీ పేరు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఆర్సీలో ఆ పేరున్నంత కాలం, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా పేరు మార్పు జరగదని 51వ సెక్షన్. అప్పు నిజంగా తీరిపోయి ఉంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్సీ నుంచి ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 కంపెనీ సంతకంతో తేవడం వారికి కష్టమేమీ కాదు. తేలేకపోతున్నారంటే ఏదో బాకీ ఉందనే అనుకోండి. నా దగ్గరకు వచ్చిన ఒకతను ఇలాగే మాట నమ్మి పికప్ కొన్నాడు. ఉల్లిపాయల లోడుతో వెళ్తుంటే రికవరీ మనుషులు దారిలో ఆపి బండిని యార్డుకు తీసుకుపోయారు. బాకీ ఆర్సీ ఓనరుది, డబ్బు పోయింది ఇతనిది. సరుకు కుళ్లిపోయిన నష్టం కూడా ఇతనే భరించాడు. అలా దారికాచి లాక్కోవడం సరికాదని మేము నోటీసు ఇచ్చాం, కానీ బాకీ కట్టందే బండి తిరిగి రాలేదు. అదే ఎన్‌ఓసీని ముందే అడిగి ఉంటే ఆ కుటుంబం అంత నలిగేది కాదు. మీకు ఆ అవస్థ రాకూడదని ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇన్సూరెన్స్‌లో చాలామందికి తెలియని చిక్కు ఒకటి ఉంది. బండి అమ్మగానే ఎదుటివారికి జరిగే నష్టాన్ని కవర్ చేసే థర్డ్ పార్టీ బీమా కొన్నవారికి దానంతటదే మారినట్టు 157వ సెక్షన్ భావిస్తుంది. మీ సొంత బండికి జరిగే డ్యామేజీకి, దొంగతనానికి అలా కాదు. 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీ మీ పేరుకు మార్పించుకోవాలి. లేకుంటే ప్రమాదం జరిగినప్పుడు మీరు పాలసీదారు కాదని మీకు ఇవ్వరు, బండి అమ్మేశాడు కాబట్టి పాత ఓనరుకూ ఇవ్వరు. క్లెయిమ్ చేయనందుకు పాత ఓనరుకు ప్రీమియంలో దక్కే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) కూడా మీకు రాదు. ఇంకో మాట, పదేళ్లు దాటిన బండిలో ఇనుప భాగాలు మార్చాల్సి వస్తే మామూలు పాలసీ ప్రకారం 50 శాతం తరుగు తీసేస్తారు. కాబట్టి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అన్న ధీమాతో ఎక్కువ ధర పెట్టకండి.

మీది కూరగాయల పని కాబట్టి కూలీల గురించి కూడా చెప్పి తీరాలి. వెనక తొట్టిలో సరుకుతోపాటు మనుషులను ఎక్కించుకోవడం మన పల్లెల్లో రోజూ చూస్తుంటాం. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత వహించదని సుప్రీంకోర్టు 2003లో తేల్చింది. సరుకు యజమానికి, ఆయన తరఫున వచ్చిన మనిషికి కవరేజీ ఉంటుంది. బండి మీద పనిచేసేవారికి చట్టం చెప్పిన మేరకు ఉంటుంది. మిగతావారికి ఏదైనా జరిగితే ఆ పరిహారం మీ ఇల్లూ పొలం మీద పడుతుంది. దారిలో చెయ్యెత్తినవారిని కాదనడం మనసుకు కష్టమే. అయినా ఎక్కించుకోకండి.

లైసెన్సు విషయంలో దిగులు లేదు. స్థూల బరువు (బండి, నిండు లోడు కలిపి) 7,500 కిలోలు మించని రవాణా బండిని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. ఆర్సీలో స్థూల బరువు 3,000 కిలోలకు మించకపోతే పర్మిట్ కూడా అక్కర్లేదు. మించితే పర్మిట్ ఉందా, అది మీ పేరుకు మారుతుందా అన్నది చూసుకోవాలి. ఓవర్ లోడ్ జోలికి మాత్రం పోకండి. 20,000 రూపాయల జరిమానా, దాని మీద అదనపు టన్నుకు 2,000 చొప్పున పడుతుంది.

మోసపోతే కోర్టు ఉంది కదా అంటారేమో. కిలోమీటర్లు వెనక్కి తిప్పినా, ప్రమాదం జరిగిన బండిని జరగలేదని చెప్పి అమ్మినా అది మోసమే. కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కానీ ఆయన అబద్ధం చెప్పకుండా ఊరుకుని, మీరు కాస్త జాగ్రత్తగా చూస్తే తెలిసిపోయే లోపాన్ని వదిలేస్తే కోర్టులో మీ వాదన బలహీనపడుతుంది. ఫైనాన్స్ పేరు ఆర్సీలో కనిపిస్తూనే ఉంది, తెలియదనే అవకాశం మీకు లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి, అమ్మింది వ్యాపారి అయితేనే తెరుచుకుంటుంది. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే బండి కాబట్టి మీరు వినియోగదారు అనిపించుకుంటారు. తన సొంత బండి ఒకటి అమ్ముకునే మామూలు మనిషి మీద మాత్రం అక్కడ కేసు నిలవడం కష్టం.

అందుకని ఇలా చేయండి. ఆర్సీలో పేరున్న మనిషిని తీసుకురమ్మని అమ్మే ఆయనకు చెప్పండి. ఎన్‌ఓసీతో ఫైనాన్స్ పేరు తీయించాక, ఆర్సీ ఓనరు నుంచి నేరుగా మీ పేరుకు మార్పు చేయించుకోవాలి. మధ్యాయన సాక్షిగా సంతకం పెడతారు. ట్యాక్స్ బకాయిలు, చలాన్లు ఆన్‌లైన్‌లో చూడండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో సరిపోయాయో మీరే చదివి చూడండి. అంకెలు అరగదీసినట్టు, మళ్లీ కొట్టినట్టు కనిపిస్తే ఇక బేరమే వద్దు. ఇసుక, మద్యం, రేషన్ బియ్యం కేసుల్లో ఇలాంటి బండ్లు పట్టుబడుతుంటాయి. కేసు పెండింగ్‌లో ఉన్న బండిని కొంటే జప్తు ఉత్తర్వు మీ చేతిలో ఉన్న బండి మీదికే వస్తుంది. బండి తిరిగిన ప్రాంతం పోలీస్ స్టేషన్‌లో విచారించడానికి మొహమాటపడకండి.

ఒప్పంద పత్రంలో బండి అప్పగించిన తేదీతో పాటు టైమ్ కూడా రాయించండి. ఆ నిమిషానికి ముందున్న కేసులు, చలాన్లు, బాకీలు అమ్మినవారివని స్పష్టంగా ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. అడ్వాన్సు తక్కువలో ఇచ్చి, పెద్ద మొత్తం ఆన్‌లైన్‌లో మీ పేరు కనిపించిన రోజున చెల్లిస్తానని రాసుకోండి.

ఈ షరతులకు ఆయన ఒప్పుకుంటే ఈ పికప్ మీకు బాగానే పనికొస్తుంది. ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాక వాటి కాపీలు, ఆర్సీ కాపీ నాకు పంపండి. అడ్వాన్సు ఇచ్చేలోపే చూసి చెబుతాను.