రికార్డు ప్లేయర్ పెట్టిన కాసేపటికి ఎడమ స్పీకర్ మూగబోతోంది. కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని ఉండే భాగం) మార్చాలా?

ఇప్పుడే మార్చకండి. నాకూ ఒక షాపులో ఇదే చెప్పారు. యాంప్లిఫయర్ మూత కూడా తీయకుండానే "కార్ట్రిడ్జ్ పోయింది సార్, ఆరు వేలవుతుంది" అన్నాడు. స్క్రూడ్రైవర్ చేత పట్టనివాడు రోగం ఎలా చెబుతాడో!

అది మా నాన్నగారి యాంప్లిఫయర్, ఎనభైల నాటిది. ఆయన పద్యాల రికార్డు పెడితే మొదటి పక్క బాగానే పాడేది. తిప్పి రెండో పక్క పెట్టేసరికి ఎడమవైపు పోపులో ఆవాలు చిటపటలాడినట్టు మొదలయ్యేది. హార్మోనియం సన్నగిల్లి సన్నగిల్లి చివరికి ఉత్త గరగర మిగిలేది. ఆ రికార్డు మోనో, రెండు స్పీకర్లలో ఒకటే రావాలి. కాబట్టి తప్పు రికార్డుది కాదు. సీడీ పెడితే రెండు స్పీకర్లలోనూ శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది కార్ట్రిడ్జో, యాంప్లిఫయర్ లోపలి ఫోనో స్టేజో (కార్ట్రిడ్జ్ ఇచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగం).

వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, వెనక ఫోనో దగ్గర ఎరుపు, తెలుపు పిన్నులు అటుదిటు మార్చాను. రోగం కుడి స్పీకర్‌కి మారితే కార్ట్రిడ్జ్‌దో, టోన్ ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే చెయ్యి) వైర్లదో అనుకోవాలి. నాది ఎడమలోనే ఉండిపోయింది. ఆరు వేలు అక్కడే మిగిలాయి.

ఆ తర్వాత తెలివితక్కువ పని చేశాను. "పాత యాంప్ అయితే కెపాసిటర్లన్నీ మార్చెయ్" అనే నెట్ పండితుల మాట నమ్మి, కోఠి గుజరాతీ గల్లీలో డజను కొనుక్కొచ్చి ఆదివారమంతా సోల్డరింగ్ చేస్తూ కూర్చున్నా. చిటపట చెక్కుచెదరలేదు. ఈ సలహా ఇచ్చేవాళ్లలో సగం మంది మల్టీమీటర్ ముట్టి ఉండరని నా గట్టి నమ్మకం.

చివరికి పని చేసింది ఐస్‌క్రీమ్ పుల్ల. రికార్డు తిరుగుతుండగానే బోర్డు మీద ఒక్కో భాగాన్నీ పుల్లతో మెల్లగా నొక్కుతూ వచ్చాను. (లోపల కరెంటు ఉంటుంది. లోహపు వస్తువు వద్దు, రెండో చెయ్యి జేబులో పెట్టుకోండి.) ఫోనో స్టేజ్ ఐసీ (చిప్) మీద నొక్కగానే ఎడమ స్పీకర్‌లో హార్మోనియం ఠపీమని లేచింది. వదిలితే మళ్లీ గరగర! ప్లగ్ పీకి, కాసేపు ఆగి, బోర్డు తిరగేసి భూతద్దంతో చూస్తే ఐసీ మూడో కాలు చుట్టూ వెంట్రుకంత నల్లటి వలయం. డ్రై సోల్డర్, అంటే పట్టు వదిలేసిన అతుకు. వేడెక్కేకొద్దీ ఆ పగులు విచ్చుకునేదన్నమాట. పాత సోల్డర్ తీసేసి కొత్తది ఒక్క చుక్క వేశాను, అంతే.

సీడీ ప్లేయర్ రెండు వోల్టులు ఇస్తుంటే కార్ట్రిడ్జ్ ఇచ్చేది ఐదు మిల్లీవోల్టులు. అంత పల్చటి సిగ్నల్‌కి వెంట్రుకంత పగులు చాలదా?

ఇంకో సంగతి. తాతల నాటి 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు) పెట్టి "గొంతు మూసుకుపోయింది, ఫోనో స్టేజ్ చెడింది" అని ఏడ్చేవాళ్లున్నారు. మన ఫోనో స్టేజ్ బేస్ పెంచి ట్రెబుల్ తగ్గించేది 1954లో వచ్చిన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ప్రకారం. అంతకుముందు కోసిన ప్లేట్లకు ఆ లెక్క ఎలా కుదురుతుంది? దానికి రిపేరు అక్కర్లేదు, టోన్ కంట్రోల్ తిప్పుకుంటే చాలు.

మీకు గరగరతో పాటు బుయ్యిమని హమ్ కూడా వస్తుంటే మూత తీసే ముందు ప్లేయర్ వెనక సన్నటి గ్రౌండ్ వైరు చూడండి. మా ఇంట్లో దుమ్ము దులుపుతూ దాన్ని ఇప్పటికి రెండుసార్లు పీకేశారు.