వెనుక గేర్లు ఎంత తిప్పినా కుదరడం లేదా? ముందు హ్యాంగర్ చూడండి, తర్వాత కేబుల్

సైకిలు కుడివైపుకు పడినప్పటి నుంచి మధ్య గేర్లలో చైను టకటకలాడుతోందనీ, పెద్ద పళ్ళచక్రం మీదికి బాగానే ఎక్కుతున్నా చిన్నదాని మీదికి దిగడానికి మొరాయిస్తోందనీ, డిరైలర్ (చైనును ఒక చక్రం నుంచి మరో చక్రం మీదికి జరిపే భాగం) మీది రెండు స్క్రూలను ఎంత తిప్పినా మార్పు లేదనీ రాశారు. దయచేసి ఇక ఆ స్క్రూలను తిప్పకండి. అవి లిమిట్ స్క్రూలు. హెచ్ అని రాసి ఉన్నది చైను చిన్న చక్రం దాటి బయటికి పోకుండా, ఎల్ అని ఉన్నది పెద్ద చక్రం దాటి స్పోకుల్లో పడకుండా ఆపుతాయి. మధ్య గేర్లతో వాటికి సంబంధమే లేదు. పైగా వాటంతటవి సాధారణంగా కదలవు. నిన్నటిదాకా బాగున్న గేర్లు ఇవాళ చెడ్డాయంటే ఏదో వంగి ఉండాలి, పట్టేసి ఉండాలి, లేదా అరిగి ఉండాలి. దాన్ని పట్టుకోకుండా సర్దుబాటు మొదలుపెడితే ఎంతసేపు చేసినా తెగదు.

చాలా ఏళ్లుగా మా ఇంట్లో సైకిళ్లన్నిటికీ గేర్లు నేనే సరిచేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నాకు మొదటి అనుమానం హ్యాంగర్ మీద. డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క అది. అల్యూమినియం ఫ్రేములకు దీన్ని కావాలనే మెత్తగా చేస్తారు, దెబ్బ తగిలితే ఫ్రేము బదులు అదే వంగాలని. సైకిలు కుడివైపు పడితే డిరైలర్ నేలకు తగలవచ్చు. సైకిలు వెనుక మోకాళ్ల మీద కూర్చుని, మీ కళ్లు పళ్ళచక్రాల ఎత్తులో ఉండేలా చూడండి. డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ, వాటి పైనున్న పళ్ళచక్రమూ ఒకే నిలువు గీతలో కనిపించాలి. కింది చక్రం స్పోకుల వైపు ఒరిగి ఉంటే హ్యాంగర్ వంగినట్టే. పది గేర్ల క్యాసెట్‌లో (వెనుక పళ్ళచక్రాల గుత్తిలో) ఒక చక్రానికీ పక్క చక్రానికీ మధ్య దూరం దాదాపు 4 మిల్లీమీటర్లే. అందుకే కంటికి ఆనీ ఆనని వంపు కూడా చాలు, కొన్ని గేర్లు కుదిరి కొన్ని కుదరకపోవడానికి. కంటికి తెలియకపోతే హ్యాంగర్ కొలిచే పనిముట్టు ఉన్న మెకానిక్‌కు చూపించండి. రిమ్ము చుట్టూ నాలుగు చోట్ల దూరం కొలిచి, అదే పనిముట్టుతో నిటారుగా చేస్తారు. డిరైలర్‌ను చేత్తో పట్టుకుని లాగి సరిచేసే ప్రయత్నం మాత్రం వద్దు.

హ్యాంగర్ బాగుంటే, చిన్న చక్రం మీదికి దిగడం లేదన్న మాటే అసలు ఆధారం. పెద్ద చక్రం వైపు చైనును లాగేది మీ చేతి బలం. చిన్నదాని వైపు తెచ్చేది డిరైలర్‌లోని స్ప్రింగు ఒక్కటే. గేరు మార్చే లివరు నుంచి డిరైలర్‌కు వచ్చే కేబుల్ ఎక్కడైనా పట్టేస్తే స్ప్రింగు దాన్ని లాక్కోలేదు. కేబుల్ కాస్త వదులు చేస్తే దిగడం బాగుపడి ఎక్కడం చెడుతుంది, బిగిస్తే ఎక్కడం బాగుపడి దిగడం చెడుతుంది. మీకూ ఇలాగే జరుగుతుంటే ఇక సర్దుబాటు మానేసి కేబుల్ విప్పండి.

మా చెల్లెలి సైకిలుకు సరిగ్గా ఇదే వచ్చింది. పైకి కేబుల్ కొత్తదానిలా మెరుస్తోంది. డిరైలర్ దగ్గర వంపు తిరిగే చివరి తొడుగు ముక్కలోంచి లాగి చూస్తే జానెడు మేర గోధుమరంగు తుప్పు, వేలితో రాస్తే గరగర. చక్రం చిమ్మే నీళ్లూ బురదా చేరేది ఆ ముక్కలోకే. నూనె చుక్కలతో అది తాత్కాలికంగా కదిలినా, నా అభిప్రాయంలో లోపలి తీగా, పైతొడుగూ రెండూ మార్చడమే మేలు. గేరు తొడుగే అడిగి తెచ్చుకోండి. బ్రేకు తొడుగులో తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది కాబట్టి లాగినప్పుడు నొక్కుకుపోతుంది, గేర్లు కుదరవు. తొడుగు కోసిన చివర చదునుగా ఉండాలి. లోపల నలిగి మూసుకుపోయిన ప్లాస్టిక్ గొట్టాన్ని దబ్బనంతో తెరవాలి.

ఆ తర్వాతే సర్దుబాటు. మీరు లిమిట్ స్క్రూలు కదిపారు కాబట్టి కేబుల్ బిగించకముందే వాటిని మళ్లీ కుదుర్చుకోవాలి. పెడల్ తిప్పుతూ చైనును చిన్న చక్రం మీదికి రానివ్వండి. డిరైలర్‌లోని రెండు చక్రాల్లో పైది ఆ చిన్న పళ్ళచక్రం బయటి అంచుకు సరిగ్గా కింద ఉండేలా హెచ్ స్క్రూ తిప్పండి. తర్వాత నెమ్మదిగా పెడల్ తిప్పుతూ డిరైలర్‌ను చేత్తో లోపలికి నెట్టండి. చైను పెద్ద చక్రం ఎక్కాలి, దాన్ని దాటి ఒక్క వెంట్రుకవాసి కూడా పోకూడదు. ఎల్ స్క్రూతో ఇది చూసుకోండి. ఇక్కడ తొందరపడితే చైను స్పోకుల్లో పడి చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, మనిషి కింద పడతాడు.

ఇక లివరును చిన్న గేరులో ఉంచి, బ్యారెల్ అడ్జస్టర్‌ను (కేబుల్ బిగువును సరిచేసే చిన్న మరను) పూర్తిగా లోపలికి తిప్పి ఒక చుట్టు వెనక్కి విప్పండి. కేబుల్‌ను చేత్తో బిగువుగా లాగి బోల్టు బిగించండి. లివరు ఒకసారి నొక్కితే చైను రెండో చక్రం ఎక్కాలి. ఎక్కకపోతే అడ్జస్టర్‌ను బయటికి విప్పే దిశలో పావు చుట్టు తిప్పండి. మూడోదానికి రాసుకుంటుంటే లోపలికి పావు చుట్టు. ప్రతి పావు చుట్టుకూ లివరు నొక్కి, పెడల్ తిప్పి చెవి పెట్టి వినండి.

కాళ్లతో బలంగా తొక్కినప్పుడు మాత్రమే చైను జారుతుంటే ఇదంతా వృథా, అది అరుగుదల. చైనులో 24 లంకెల పొడవు, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు, కొత్తప్పుడు 304.8 మిల్లీమీటర్లు. 306.3 దాటితే చైను మార్చండి.

హ్యాంగర్ కొనాల్సి వస్తే సైకిలు పేరు చెప్పి తెచ్చుకోకండి. ఒకే కంపెనీవి కూడా ఆకారంలో తేడాగా ఉంటాయి. పాతది విప్పి తీసుకెళ్లి, రెండూ పక్కపక్కన పెట్టి రంధ్రాలూ అంచులూ కలిశాయో లేదో చూసి తీసుకోండి.