ఆటిజం ఉన్న పిల్లవాణ్ణి థీమ్ పార్కుకు తీసుకెళ్తే క్యూలో ప్రత్యేక ఏర్పాటు ఉంటుందా?

రాజాం నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఆమె పదేళ్ళ బాబుకు ఆటిజం ఉంది. వేసవి సెలవుల్లో థీమ్ పార్కు చూపిస్తామని మాట ఇచ్చారు, కానీ బాబు పది నిమిషాలు కూడా వరుసలో నిలబడలేడు. వైకల్యాన్ని ధ్రువీకరిస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ చూపిస్తే వేరే దారిలో పంపిస్తారా, పంపిస్తే వెనక ఉన్నవాళ్ళు ఏమంటారో అన్నది ఆమె సందేహం. మాది విజయనగరం. మా అబ్బాయికి పదమూడేళ్ళు, వాడికీ ఆటిజమే. రెండేళ్ళ క్రితం వాణ్ణీ, పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమైన మా అమ్మనూ వెంటబెట్టుకుని ఒక పెద్ద పార్కుకు వెళ్ళి వచ్చాము. అదేదో చెప్పను. అక్కడ జరిగింది మరెక్కడైనా జరగవచ్చు.

సర్టిఫికెట్ ఉంది కదా అన్న ఒక్క ధీమాతో బయలుదేరవద్దని ముందుగా చెబుతాను. మన దేశంలో పార్కులన్నిటికీ కలిపి ఒకే పద్ధతి లేదు. ఒకే పార్కులో కూడా ఒక రైడ్ దగ్గరి ఉద్యోగి సరేనన్నదానికి పక్క రైడ్ దగ్గరి ఉద్యోగి కాదంటాడు.

మా అమ్మను చూడగానే గేటు దగ్గరి కుర్రాడు ఎదురొచ్చి, "పెద్దమ్మగారిని ఇటు తీసుకురండి" అంటూ పక్కదారి తెరిచాడు. ఆ తరువాత ప్రతి రైడ్ దగ్గరా ఆమెను అందరికన్నా ముందు పంపడానికి వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. తీరా చూస్తే ఆమెకు ఆ రైడ్లలో ఒక్కటీ అక్కరలేదు, నీడపట్టున కూర్చుని మనవణ్ణి చూసుకుంటే చాలు. అవసరం ఉన్నది మనవడికి, వాడి అవసరం మాత్రం ఎవరి కంటికీ ఆనదు. వాడి దివ్యాంగుల కార్డు చూపిస్తే, "బాగానే ఉన్నాడు కదండీ, కాసేపు నిలబడితే ఏమవుతుంది?" అన్నారు. నిలబడ్డాము. ఇనుప కడ్డీల మధ్య మెలికలు తిరిగే ఆ ఇరుకు దారిలో, పైనుంచి స్పీకర్ల హోరు, ముందూ వెనకా తగిలే భుజాలు. ఇరవై నిమిషాలు గడిచేసరికి వాడు చెవులు మూసుకుని నేల మీద కూలబడ్డాడు. ఆ దారిలో ముందుకు పోవడమే తప్ప వెనక్కి రావడానికి వీలుండదని అప్పుడు గమనించాను. కడ్డీల కింద నుంచి దూరి బయటపడ్డాము. చక్రాల కుర్చీతో అదే పరిస్థితి వస్తే ఏం చేసేవాళ్ళమో ఆలోచించడానికి కూడా మనసొప్పలేదు.

భోజనాలయ్యాక కస్టమర్ సర్వీస్ కౌంటర్‌కు వెళ్ళి, అడిగే తీరు మార్చాను. "మమ్మల్ని ఎవరికన్నా ముందు పంపవద్దు. వరుస నలభై నిమిషాలుంటే మేమూ నలభై నిమిషాలు ఆగుతాము, అయితే ఆ చెట్టు కింద ఆగుతాము. మా వంతు సమయం కాగితం మీద రాసి ఇవ్వండి" అన్నాను. సూపర్‌వైజర్ ఒక్క నిమిషం ఆలోచించి, చీటీ మీద సమయం వేసి సంతకం పెట్టాడు. రైడ్ దిగినవాళ్ళు బయటకు వచ్చే దారి గుండా మమ్మల్ని లోపలికి పంపారు. ఆ సాయంత్రం వాడు మూడు రైడ్లు ఎక్కాడు. అడగవలసింది వేచి ఉండే చోటు గురించే గాని సమయం గురించి కాదని నాకు అర్థమవడానికి సగం రోజు పట్టింది. మీకు ఆ సగం రోజు మిగలాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది నేను కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో ఇంతకుముందు ఉన్న సహాయ కార్డుతో, వికలాంగులను కిరాయికి వెంటబెట్టుకుని కొందరు సంపన్నులు వరుసలు దాటుతున్నారని వార్తలు రావడంతో, 2013 అక్టోబరులో ఆ పద్ధతిని తీసివేసి, అప్పటికి వరుస ఎంత ఉందో చూసి తిరిగి రావలసిన సమయం చెప్పే పద్ధతి పెట్టారు. తిరుపతిలో శ్రీనివాసం, విష్ణునివాసం దగ్గర ఇచ్చే సర్వదర్శనం టైమ్ స్లాట్ టోకెన్ మనకు తెలిసినదే, ఇదీ ఇంచుమించు అలాంటిదే. 2024లో డిస్నీ ఈ సదుపాయాన్ని ఇంకా కుదించి, ముఖ్యంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యల వల్ల మామూలు వరుసలో ఎక్కువసేపు ఆగలేనివారికే పరిమితం చేసింది. దాని మీద అక్కడ చాలా గొడవ నడిచింది. చక్రాల కుర్చీ పట్టేటట్లు వరుసనే వెడల్పుగా కడితే కుర్చీలో ఉన్నవారు అందరితో కలిసే వెళ్ళవచ్చునన్న డిస్నీ వాదన మాత్రం నాకు సబబుగానే తోస్తుంది. మన దగ్గర ఆ వెడల్పే ఉండదు, అందుకే కుర్చీ కనబడగానే పక్కదారి తెరిచి దాన్ని మర్యాద అనుకుంటారు.

చట్టం మన పక్షానే ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి ఆటిజాన్ని అందులో చేర్చింది, సేవలందించే ప్రైవేటు సంస్థలు కూడా సుగమ్యతా నియమాలు, అంటే దివ్యాంగులు ఇబ్బంది లేకుండా వాడుకునేలా ఏర్పాట్లు ఉండాలనే నియమాలు, పాటించాలని చెప్పింది. ఆ నియమాలు సలహాలుగా మిగిలిపోతే కుదరదని, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అయితే ఇదంతా రైడ్ దగ్గర ఎండలో నిలబడి పనిచేసే కుర్రాడితో వాదించడానికి పనికిరాదు, అతనికి ఆ అధికారం లేదు. వెళ్ళడానికి వారం ముందే పార్కు కార్యాలయానికి ఈమెయిల్ పంపి, వచ్చిన జవాబును ఫోన్‌లో ఉంచుకోండి. నేను ఆ పని చేయకుండా వెళ్ళి కష్టపడ్డాను.

కాగితాల విషయంలో ఒక జాగ్రత్త. సదరం అన్న మాట మన రాష్ట్రం దాటితే చాలామందికి తెలియదు. హైదరాబాదులో కొంత నయం, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు దగ్గరని భువనేశ్వర్ వైపు వెళ్తే మాత్రం మళ్ళీ మొదటి నుంచి వివరించుకోవలసి వస్తుంది. కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు, దేశమంతటా చెల్లుతుంది కనుక అది తీసుకెళ్ళండి. డబ్బు కట్టి కొనే ఫాస్ట్ ట్రాక్ టికెట్ వేరు, ఈ సదుపాయం వేరు. కౌంటర్‌లో ఆ టికెట్ కొనమని సలహా ఇస్తే తొందరపడి కొనవద్దు. ఏ రైడ్ ఎక్కనిస్తారన్నది కూడా వేరే సంగతి, అది ఎత్తును బట్టి, బెల్టు బిగిస్తే కుదురుగా కూర్చోగలగడాన్ని బట్టి ఉంటుంది.

బాబుకు ముందుగా ఇక్కడే అలవాటు చేయండి. పైడితల్లి అమ్మవారి తీర్థంలో జెయింట్ వీల్ దగ్గర, ఫోన్‌లో టైమర్ పెట్టి, దూరంగా నిలబడి మా వంతు కోసం చూడడం మేము మూడేళ్ళు నేర్పించాము. మీకు అంత వ్యవధి లేదు కనుక ఊళ్ళో ఐస్‌క్రీమ్ బండి దగ్గరైనా సరిపోతుంది.

ఇక వెనక ఉన్నవాళ్ళ సంగతి. ఆ సాయంత్రం ఒకాయన మమ్మల్ని నిలదీశారు. చీటీ చూపించి, మేము మూడు గంటల పది నిమిషాల నుంచి ఆగుతున్నామని చెప్పాను. ఆయన తన గడియారం చూసుకుని, తాను మూడున్నరకు వచ్చానని గ్రహించి, పక్కకు జరిగారు. ఆ చీటీ లేకుండా ముందుకు వెళ్ళి ఉంటే ఆయనకు చెప్పడానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

పార్కుకు ఫోన్ చేసినప్పుడు ఆటిజం అన్న మాటతో మొదలుపెట్టకండి, అవతలివారికి దాని అర్థం తెలియకపోవచ్చు. "మా బాబు ఇరుకులో, శబ్దంలో పది నిమిషాలకు మించి నిలబడలేడు, విడిగా ఆగడానికి చోటు కావాలి" అని మొదలుపెట్టి, కార్డు మాట ఆ తరువాత చెప్పండి.