నిద్రలో గుండెల మీద కూర్చునేది దెయ్యమేనా?

నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుంటే మెలకువ వచ్చినా కాలూ చెయ్యీ కదలలేదని, గుమ్మం దగ్గర నల్లటి మనిషి కనిపించాడని, అది దెయ్యమేనా అని అడిగారు. మీరు చూసింది అబద్ధం కాదు, కానీ దెయ్యమూ కాదు.

దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. కలలు బాగా వచ్చే నిద్రలో మనం నిజంగా లేచి పరిగెత్తకుండా మెదడు ఒంట్లో కండరాలను దాదాపు ఆపేస్తుంది, కళ్లూ ఊపిరి ఆడించే డయాఫ్రమ్ మాత్రం పనిచేస్తుంటాయి. ఒక్కోసారి ఆ పట్టు వదలకముందే తెలివొస్తుంది, కల ఇంకా నడుస్తూనే ఉంటుంది, అందుకే మీ గదీ కనిపిస్తుంది, అందులో లేని మనిషీ కనిపిస్తాడు. ఛాతీ కండరాలు సహకరించవు కాబట్టి గట్టిగా ఊపిరి పీల్చలేరు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించే బరువు అదే. మామూలుగా సెకన్లలో, లేదా ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది.

జపాన్‌లో దీన్ని కనషిబారి అంటారు, అక్కడా కథలు ఇలాంటివే.

విశాఖలో స్టీల్ ప్లాంట్, పోర్టు పనుల్లో షిఫ్టులు మారేవాళ్లకి నిద్ర వేళలు కుదరవు, వెల్లకిలా పడుకునే అలవాటు కూడా ఉంటే ఇది ఇంకా ఎక్కువ. తాయెత్తు కట్టాక తగ్గిందనేవాళ్లని నేను తప్పుపట్టను, టెన్షన్ తగ్గితే నిద్ర కుదురుతుంది కదా. మీరు మాత్రం పక్కకి తిరిగి పడుకోండి, నిద్ర తగ్గనివ్వకండి, పగలు కూడా ఆపుకోలేని మగత వస్తుంటే డాక్టర్‌కి చూపించండి.