ఆదివారం వండి వారమంతా తినొచ్చా?

"ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఇంట్లో చిన్నపిల్లలు, సాయానికి పెద్దవాళ్లెవరూ లేరు. సెలవు రోజున ఒక్కసారే వండేసి వారమంతా నెట్టుకురావచ్చా?" చిన్నపిల్లలున్న జంటలకు తరచూ వచ్చే సందేహం ఇది.

ఏడు రోజుల కూరలు ఒకేరోజు వండిపెట్టడం మాత్రం వద్దు. వండిన కూర ఫ్రిజ్‌లో మూడు రోజులు, మహా అయితే నాలుగు. అన్నం మర్నాటికల్లా అయిపోవాలి. పైగా మూడో పూట కూడా అదే డబ్బా తీస్తే పిల్లలు మొహం తిప్పేస్తారు. అందుకని వంట మొత్తం కాకుండా సగం వంట ముందుగా చేసుకోండి. ఉడికించిన పప్పు, వేయించిన ఉల్లి-టమాటా ముద్ద, కడిగి తరిగిన కూరగాయలు సిద్ధంగా ఉంటే చాలు. ఉప్పు, కారం, పోపు ఏ పూటకాపూటే. ఆఫీసు నుంచి వచ్చాక ఇరవై నిమిషాల్లో భోజనానికి కూర్చోవచ్చు.

ముందు ముద్ద సంగతి. నలుగురున్న ఇంటికి ఉల్లిపాయలు కిలో, టమాటాలు కిలో, నూనె 100 మి.లీ., అల్లం వెల్లుల్లి పేస్టు నాలుగు టేబుల్ స్పూన్లు. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నె తీసుకోండి. లోతు గిన్నెలో ఉల్లిపాయ తన నీళ్లలో తానే ఉడుకుతుంది తప్ప వేగదు. మొదటి పది నిమిషాలు మూత పెట్టి మగ్గనిచ్చి, తర్వాత మూత తీసి మధ్యస్థపు మంట మీద బంగారు రంగు వచ్చేదాకా కలుపుతూ ఉండండి. పేస్టు వేసి రెండు నిమిషాలు, ఆ తర్వాతే టమాటా. తొందరపడి టమాటా ముందు వేస్తే ఆ పులుపుకి ఉల్లిపాయ మెత్తబడదు, ముద్దలో పలుకులు మిగిలిపోతాయి. అంచుల్లో నూనె తేలితే అయిపోయినట్టు. దాదాపు కిలో వస్తుంది, 150 గ్రాముల చొప్పున ఆరు భాగాలు చేయండి. అరకిలో కూరగాయలకో చికెన్‌కో ఒక భాగం సరిపోతుంది.

పప్పుదీ ఇదే పద్ధతి. రెండు కప్పుల కందిపప్పుకి అయిదారు కప్పుల నీళ్లు, కాస్త పసుపు, అంతే. చింతపండు, టమాటా ఉడికేటప్పుడే వేయకండి, పులుపు తగిలితే పప్పు ఉడకడానికి మొరాయిస్తుంది. ఉడికినదాన్ని మూడు భాగాలు చేసి ఒకటి ఇవాళ్టికి, ఒకటి ఫ్రిజ్‌లోకి, ఒకటి ఫ్రీజర్‌లోకి. చల్లారాక గట్టిపడుతుంది కాబట్టి వేడి చేసేటప్పుడు వేడినీళ్లు కలపండి.

ఉప్పు చివరికి ఎందుకంటే పిల్లల కోసం. ఏడాది లోపు బిడ్డకి రోజు మొత్తానికి ఒక గ్రాము లోపే ఉప్పు ఉండాలి. ఒకటి నుంచి మూడేళ్ల వయసుకి రెండు గ్రాములు. టీస్పూన్ నిండా ఉప్పు ఆరు గ్రాముల దాకా తూగుతుంది, లెక్క మీరే వేసుకోండి. పప్పులోంచీ కూరలోంచీ బిడ్డ వాటా ముందు తీసేసి, మిగిలినదానికి ఉప్పూ కారం వేసుకుంటే రెండు వంటలు చేసే బాధ తప్పుతుంది. తీసిన వాటాని మెత్తగా చేసి ఐస్ ట్రేలో గడ్డకట్టించండి. పూటకి రెండో మూడో గడ్డలు వేడి చేసుకోవచ్చు.

ఎక్కువమంది తప్పుచేసేది చల్లార్చడంలో. పెద్ద గిన్నెకి మూత పెట్టి రాత్రంతా గట్టు మీద వదిలేస్తారు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. లోతైన గిన్నె పైన చల్లబడినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. రెండంగుళాల లోతు మించని డబ్బాల్లోకి సర్దండి, లేదా సింకులో చన్నీళ్లు, ఐసు పోసి గిన్నె అందులో పెట్టి కలుపుతూ ఉండండి. దించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, గదిలో వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోపే. ఫ్రిజ్ 4 డిగ్రీలు మించకూడదు. డయల్ మీది 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు! ఒక చిన్న థర్మామీటర్ లోపల పెట్టి చూసుకోండి.

అన్నంతో ఇంకా జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి, ఉడికించినా చావవు. బయట ఉంచేస్తే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, మళ్లీ ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. "వేడి చేస్తే సరిపోతుందిలే" అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఫ్రీజర్ మైనస్ 18లో ఉండాలి. పప్పు, ముద్ద, కీమా, చికెన్ కూర, ఉడికించిన శనగలు రెండు మూడు నెలలు రుచి చెడకుండా ఉంటాయి. బంగాళాదుంప ఇసుకలా పలుకు పలుకుగా అయిపోతుంది, పెరుగు విరుగుతుంది, ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరే. ఇవి వడ్డించే రోజునే కలపండి. జిప్ కవర్లలో పూటకి సరిపడా పోసి, గాలి తీసి, పలకలా పరిచి గడ్డకట్టిస్తే చోటూ కలిసొస్తుంది, త్వరగా కరుగుతుంది కూడా. గాజు సీసాలైతే పైన రెండు సెంటీమీటర్లు ఖాళీ వదలండి, నీరు గడ్డకడితే వ్యాకోచించి సీసా పగులుతుంది. తేదీ, పేరు, "ఉప్పు వేయలేదు" అని టేపు మీద రాసి అంటించాల్సిందే. గడ్డకట్టాక అన్ని కూరలూ ఒకే రంగు.

ముందు రోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చండి, గట్టు మీద కరిగించకండి. వేడి చేసేటప్పుడు నడుమ కూడా 74 డిగ్రీలు చేరాలి. మైక్రోవేవ్‌లో అంచులు సలసలా కాగుతున్నా మధ్యలో మంచుముక్క ఉండొచ్చు. సగంలో ఆపి కలిపి, అయ్యాక ఒక నిమిషం ఆగండి. బిడ్డకి పెట్టేముందు మళ్లీ కలిపి, మీ మణికట్టు మీద చుక్క వేసి చూడాలి. వేడి చేయడం ఒకసారే, ఎంగిలి చెంచా తగిలిన గిన్నె తిరిగి ఫ్రిజ్‌లోకి వెళ్లకూడదు.

ఇదంతా ఒక్క పూటలో చేయాలని చూడకండి. తరగడం ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక, పొయ్యి మీద పని మర్నాడు వాళ్లు కునుకు తీసేటప్పుడు. వారం మధ్యలో ఇంకొక గంట పెట్టుకుంటే ఏదీ నాలుగో రోజు దాటదు. పొయ్యి దగ్గర పని చేస్తుండగా పిల్లలు మెలకువగా ఉంటే వెనక బర్నర్లే వాడి, పిడులు లోపలికి తిప్పండి. మూడేళ్ల పిల్లలకి ఆకుకూర తుంచే పని ఇస్తే కాసేపు కుదురుగా ఉంటారు. సగం ఆకు నేలపాలైనా ఫరవాలేదు.

స్లో కుక్కర్ (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె) కొన్నవాళ్లు రాజ్మా నేరుగా అందులో పోయకండి. పచ్చి గింజల్లోని ఒక విషపదార్థం ఆ తక్కువ వేడికి పోదు, వాంతులు పట్టుకుంటాయి. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పది నిమిషాలకు తగ్గకుండా తెర్లనిచ్చాకే స్లో కుక్కర్లోకి. ప్రెషర్ కుక్కర్‌తో ఆ బెంగ లేదు.