హెల్మెట్ పెట్టుకున్నా బైక్ ప్రమాదాల్లో తలకు తీవ్ర గాయాలు ఎందుకవుతాయి?

తరచుగా కనిపించే కారణం గడ్డం కింది పట్టీ బిగించకపోవడం. అది వదులుగా ఉంటే తల నేలను తాకేలోపే హెల్మెట్ ఊడిపోవచ్చు.

రెండోది నాణ్యత. తలను కాపాడేది పైనున్న గట్టి చిప్ప ఒక్కటే కాదు. దాని లోపల ఉండే, థర్మోకోల్ వంటి మందపాటి పొర దెబ్బ తగిలినప్పుడు నలిగి, తల ఆగే సమయాన్ని కొన్ని మిల్లీసెకన్లు పొడిగించి, మెదడుకు తగిలే అదురును తగ్గిస్తుంది. నలిగిన పొర తిరిగి యథాస్థితికి రాదు కనుక, ప్రమాదానికి గురైన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చవలసిందే. పోలీసుల కోసమే కొనే చవక టోపీల్లో ఈ పొర నామమాత్రం. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి.

హెల్మెట్ మరణ ముప్పును సుమారు 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని వైద్య పరిశోధనలను క్రోడీకరించే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ 2008 నాటి సమీక్షలో అంచనా వేసింది. అంటే ముప్పు పూర్తిగా తొలగదు. వేగం రెట్టింపైతే ఢీకొనే శక్తి నాలుగింతలవుతుంది, ఆ శక్తినంతా ఏ హెల్మెట్టూ మింగలేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి, మన ఊళ్లలో దీన్ని పట్టించుకునేవారు అరుదే అయినా.