నెలలు నిండని బిడ్డకు నరం ద్వారా పోషణ: పాఠకుల సందేహాలు, వైద్యుల జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అమ్మాయికి 29వ వారంలోనే కాన్పయింది. మనవడి బరువు 1,100 గ్రాములు. పసికందుల ఇంటెన్సివ్ కేర్ విభాగం (ఎన్‌ఐసీయూ)లో ఉంచి టీపీఎన్, అంటే పోషణంతా నరం ద్వారానే ఇవ్వడం, పెడుతున్నామన్నారు. పసుపుపచ్చని ద్రవమున్న సంచికి ముసుగు వేశారు. పక్కన ఒక సిరంజి నుంచి అచ్చం పాలలాంటిదే నరంలోకి పంపుతున్నారు. పాలు నరానికి ఎక్కించవచ్చా? అంతా నరం నుంచే వెళ్తుంటే, మా అమ్మాయిని మూడు గంటలకోసారి పాలు పిండి ఇమ్మని ఎందుకంటున్నారు? చుక్కలుగా వచ్చే ఆ పాలు ఏ మూలకు? పచ్చి బాలింత, రాత్రిళ్లు నిద్ర లేక అవస్థ పడుతోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ సిరంజిలో తెల్లగా కనిపిస్తున్నవి పాలు కావు. పాలను రక్తనాళంలోకి ఎన్నడూ ఎక్కించరు, ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. సోయా నూనెను గానీ, దానికి ఆలివ్, చేప నూనెల వంటివి కలిపిన మిశ్రమాన్ని గానీ అతి సూక్ష్మమైన బిందువులుగా విడగొట్టి, నీటిలో నిలకడగా ఉండేటట్టు తయారు చేసిన కొవ్వు ద్రవం అది. మీ మనవడంత బరువున్న బిడ్డకు కిలోకు రోజుకు 3 గ్రాముల కొవ్వు ఇవ్వదలిస్తే, 20 శాతం గాఢత గల ఆ ద్రవం 24 గంటలకు 16 మిల్లీలీటర్లకు కాస్త పైన, అంటే గంటకు 0.7 మిల్లీలీటరు మాత్రమే వెళ్తుంది. అందుకే ఎంతసేపు చూసినా సిరంజిలో మట్టం కదిలినట్టే ఉండదు.

సంచిలో ఉన్నది గ్లూకోజు, మాంసకృత్తుల తయారీకి కావలసిన అమైనో ఆమ్లాలు, లవణాలు, విటమిన్లు. ఆ పసుపు రంగు రైబోఫ్లేవిన్ అనే విటమిన్‌ది. వెలుతురు సోకితే విటమిన్లు దెబ్బతినడమే కాక, బిడ్డకు హాని చేసే పెరాక్సైడ్లు పుడతాయి కాబట్టి ముసుగు వేస్తారు.

కడుపులోని బిడ్డ కొవ్వును, కాల్షియాన్ని, ఇనుమును చాలావరకు చివరి మూడు నెలల్లోనే కూడబెట్టుకుంటాడు. మీ మనవడు ఆ కాలం మొదలైన కొద్ది రోజులకే పుట్టాడు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానితో ఒకటి కుదరడానికి సుమారు 34 వారాలు నిండాలి. గొట్టం ద్వారా కడుపులోకి పాలు పోద్దామన్నా పేగులు ఇంకా లేతగా ఉంటాయి కాబట్టి మొదటి రోజే కావలసినంతా పోయలేరు. అలాగని ఒట్టి గ్లూకోజు మీదే ఉంచితే, బిడ్డ తన ఒంట్లోని మాంసకృత్తులనే కిలోకు రోజుకు సుమారు 1 గ్రాము చొప్పున కరిగించుకుంటాడు. అందువల్లనే ఇప్పుడు పుట్టిన రోజు నుంచే అమైనో ఆమ్లాలు మొదలుపెడుతున్నారు. 1960లలో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డుడ్రిక్, డగ్లస్ విల్మోర్ అనే వైద్యులు, పేగులు సరిగా ఏర్పడకుండా పుట్టిన ఒక పసికందును నరం ద్వారా అందే పోషణతోనే పెంచి చూపి, ఆ వివరాలను 1968లో ప్రచురించారు. అంతకుముందు ఇలాంటి బిడ్డల విషయంలో వైద్యులు చేయగలిగింది చాలా తక్కువ.

ఈ చికిత్సలో మేము అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఇన్‌ఫెక్షన్‌కు. చిక్కని గ్లూకోజు చేతి నరాలను పాడుచేస్తుంది కనుక, మొదట బొడ్డు సిర నుంచి, తరువాత పిక్ లైన్ అనే సన్నని గొట్టం నుంచి, గుండెకు దగ్గరగా ఉన్న పెద్ద సిరలోకి పంపుతారు. ఆ గొట్టం వెంట క్రిములు చేరితే నేరుగా రక్తంలోకి వెళ్లినట్టే. నర్సులు మిమ్మల్ని లోపలికి రానివ్వకపోయినా, పదేపదే చేతులు కడుక్కోమన్నా దయచేసి నొచ్చుకోకండి.

ఇక పాల సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ సందేహమే. కడుపులోకి ఏమీ వెళ్లకపోతే పేగు లోపలి పొర పలచబడుతుంది. అందుకని మొదటి రోజుల్లో కిలోకు రోజుకు 10 నుంచి 20 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. మీ మనవడి బరువుకు లెక్క కడితే రెండు గంటలకోసారి ఒకటి రెండు మిల్లీలీటర్లు. ఏ మూలకు అని మీరడిగిన ఆ చుక్కలే ఈరోజుకు బిడ్డ కడుపుకు కావలసిన మొత్తం. అందులోనూ ముర్రుపాలలోని రక్షక పదార్థాలు ఏ సంచిలోనూ దొరకవు. నెలలు నిండని పిల్లల పేగులను కుళ్లబెట్టే ఎంటరోకొలైటిస్ అనే భయంకరమైన జబ్బు, డబ్బా పాలు తాగిన వారి కంటే తల్లిపాలు తాగిన వారిలో తక్కువ. పాలు పెరిగే కొద్దీ డ్రిప్ తగ్గిస్తూ వచ్చి, కిలోకు రోజుకు సుమారు 120 మిల్లీలీటర్లు అరిగించుకోగలిగే నాటికి సిరలోని గొట్టం తీసేస్తారు. గొట్టం ఎంత త్వరగా బయటికి వస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు అంత తగ్గుతుంది.

పిండకపోతే పాలు ఇంకిపోతాయి. రోజుకు ఎనిమిది సార్లయినా, అందులో రాత్రి ఒకసారైనా పిండాలి. ఆ ఒక్కటి తప్ప మిగిలిన పనులన్నీ, గిన్నెలు మరిగించడం, పాలు ఎన్‌ఐసీయూకు చేర్చడం, వేళకు అన్నం పెట్టడం, మీరు అందుకోండి. పగలు ఆమెను పడుకోనివ్వండి. ఎంత చేసినా పాలు చాలకపోతే, హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలోని ధాత్రి వంటి తల్లిపాల బ్యాంకుల నుంచి పాశ్చరైజ్ చేసిన పాలు దొరికే వీలుందేమో వైద్యులను అడగండి. అయితే కన్నతల్లి పాలు వస్తున్నంతవరకు వాటికే మొదటి స్థానం.

ప్రశ్న: మా పాపకు పేగు ఆపరేషన్ తరువాత అయిదు వారాలుగా టీపీఎన్ నడుస్తోంది. ఇప్పుడు కళ్లు పచ్చబడ్డాయి. టీపీఎన్ వల్లేనంటున్నారు. లివర్ పాడైనట్టేనా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఎక్కువ వారాలు నరం ద్వారానే పోషణ సాగితే పైత్యరసం పారుదల మందగించి కళ్లు పచ్చబడడం మాకు తెలిసిన ఇబ్బందే. పాలు పట్టడం మొదలై, టీపీఎన్ తగ్గేకొద్దీ చాలామంది పిల్లల్లో అది క్రమంగా సర్దుకుంటుంది. ఈలోగా కొవ్వు మోతాదు తగ్గించడం, చేప నూనె కలిసిన రకానికి మార్చడం వంటివి చేస్తారు. అయితే పాప విరేచనం రంగును మీరు రోజూ స్వయంగా చూడండి. సుద్దలా తెల్లగా వస్తుంటే టీపీఎన్ వల్లేనని సరిపెట్టుకోక, డైరెక్ట్ బిలిరుబిన్ అనే రక్తపరీక్ష, కడుపు స్కానింగు గురించి వైద్యులను ఆ రోజే అడగండి. పుట్టుకతోనే పైత్యనాళం మూసుకుపోయిన జబ్బు అయితే, దానికి చేసే ఆపరేషన్ రెండు నెలల వయసు లోపు జరిగినప్పుడే మంచి ఫలితం ఇచ్చే అవకాశం ఎక్కువ.